మే ఎండల్లో కరెంటు కారుతో కాళేశ్వరం: బయల్దేరే ముందు వేసుకోవాల్సిన లెక్క

హనుమకొండ నుంచి పరకాల, భూపాలపల్లి, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం దాదాపు 115 కిలోమీటర్లు. రానూపోనూ 230. ముప్పై యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు ఇంటిముందు ఫుల్ ఛార్జింగ్‌తో 240 చూపిస్తుంటే, సరిపోతుందిలే అనిపిస్తుంది. సరిపోదు. ఆ 240 నిన్నటిదాకా ఊళ్లో నలభై స్పీడులో తిరిగిన తిరుగుడుకు కారు కట్టిన లెక్క. రేపు ఎక్కేది నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను. బయట 43 డిగ్రీలు, లోపల ఆగని ఏసీ. అవేవీ ఆ అంకెలో లేవు.

కాబట్టి తెర మీది కిలోమీటర్లను పక్కనపెట్టి యూనిట్లలో లెక్క కట్టండి. ప్రయాణానికి ముందు ఓ మధ్యాహ్నం ట్రిప్ మీటర్ సున్నా చేసి, ఏసీ వేసుకుని, ములుగు రోడ్డు మీద 80 దాటకుండా ముప్పై కిలోమీటర్లు నడపండి. యూనిట్ అంటే వెయ్యి వాట్ అవర్లు; కిలోమీటరుకు 140 వాట్ అవర్లని చూపిస్తే యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వచ్చినట్టు. మీ కారుకు అసలు అంకె అదే. 80 నుంచి 100కు పోతే అది ఐదున్నర దగ్గరికి దిగినా ఆశ్చర్యం లేదు; ఎదురుగాలి ఒత్తిడి వేగం వర్గంతో (స్క్వేర్‌తో) పెరుగుతుంది మరి.

ఇప్పుడు యాప్ తెరవండి. కరెంటు కార్ల ప్రయాణానికి లెక్కకట్టే ‘ఏ బెటర్ రూట్‌ప్లానర్’ (A Better Routeplanner) అనే యాప్‌లో కారు మోడల్ ఎంచుకుని వదిలేస్తే అది సగటు లెక్క చెబుతుంది. సెట్టింగుల్లోకి వెళ్లి మీ వాట్ అవర్ల అంకె, బయటి ఎండ, అదనపు బరువు, గరిష్ఠ వేగం మార్చండి. గమ్యం చేరేసరికి ఎంత మిగలాలన్న చోట 20 శాతం పెట్టండి. చాలామంది వదిలేసేది ఈ గడినే. పదికే ఒప్పుకుంటే, దారిలో ఒక్క ఛార్జర్ మొరాయించినా ఇంకోదాని దాకా పోలేరు.

ఛార్జర్లు వెతకడానికి ప్లగ్‌షేర్ ఉంది, 2022 డిసెంబర్‌లో వచ్చిన ప్రభుత్వ యాప్ ఈవీ యాత్ర ఉంది. మ్యాపులో పచ్చచుక్క ఉన్నంత మాత్రాన అక్కడ కరెంటు ఉందని కాదు. చివరిగా ఎవరు, ఏ రోజు ఛార్జింగ్ పెట్టుకున్నారో చూడండి. నెల దాటితే ఫోన్ చేయాల్సిందే. అడగాల్సినవి మూడు: గన్ (కారుకు తగిలించే ప్లగ్గు) సీసీఎస్2 రకమేనా, ఇవాళ పనిచేసిందా, రాత్రి గేటు మూస్తారా. ఆ ఛార్జర్ కంపెనీ యాప్ దింపుకుని వాలెట్‌లో డబ్బులు ఇంట్లోనే వేసుకోండి. అడవి దారిలో సిగ్నల్ పోతే ఓటీపీ రాదు. మ్యాపు కూడా ఆఫ్‌లైన్‌లో దించుకోవాలి.

ఇక అసలు లెక్క. ముప్పై యూనిట్లలో ఒక శాతం అంటే సుమారు రెండు కిలోమీటర్లు. భూపాలపల్లి దాకా 68 కిలోమీటర్లు అనుకుందాం. 32 శాతం పోయి 68 శాతం మిగలాలి. అక్కడి నుంచి కాళేశ్వరం 47. ఇంకో 22 పోయి 46. తిరిగి భూపాలపల్లికి వచ్చేసరికి 24. ఇంటికి 32 కావాలి, పైన 20 నిల్వ. అంటే దారిలో ఎక్కడో 28 శాతం, ఎనిమిదిన్నర యూనిట్లు, ఎక్కించాలి. 30 కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జర్ అయితే అరగంట పని. లాడ్జిలో 15 యాంప్స్ సాకెట్ అయితే మూడున్నర నాలుగు గంటలు. సంగమంలో స్నానం, ఒకే పానవట్టం మీది రెండు లింగాల దర్శనం, భోజనం అయ్యేసరికి అదీ అయిపోతుంది.

పోయేటప్పుడు భూపాలపల్లిలో బండి ఆపి అంకె చూడండి. 68 ఉండాల్సిన చోట 60 ఉంటే యూనిట్‌కు ఏడు కాదు, ఐదున్నర చిల్లరే వస్తోంది. అదే తీరున పోతే కాళేశ్వరం పోయి మళ్లీ అక్కడికి వచ్చేసరికి మిగిలేది 5 శాతం. ముందున్న ఛార్జింగ్ ఖాయమైతే తప్ప ముందుకు పోవద్దు. ఏసీ బంద్ చేస్తే సరిపోతుందన్న లెక్క మే నెలలో, అందునా వెనక సీట్లో పిల్లలుండగా, వేయనే వేయొద్దు.

ఎండకు బ్యాటరీ వేడెక్కి ఉంటే ఫాస్ట్ ఛార్జర్ దానంతట అదే నెమ్మదిస్తుంది. మిట్టమధ్యాహ్నం కన్నా ఉదయం పది లోపు పెట్టుకోవడం మేలు. 80 శాతం దాటాక ఎలాగూ నత్తనడకే, అక్కడే ఆపి బయల్దేరండి. సాయంత్రానికి వాయిదా వేస్తే ఇంకో చిక్కు: ఈ నెలల్లో గాలిదుమారం లేస్తే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఇంట్లో ఫుల్ ఛార్జింగ్ తెల్లవారుజామున పూర్తయ్యేలా టైమర్ పెట్టండి. నూరు శాతంతో బండిని ఎండలో నిలబెట్టడం బ్యాటరీకి మంచిది కాదు. టైర్లలో గాలి కూడా పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడే చూపించండి.

15 యాంప్స్ సాకెట్ దగ్గర తొందరపడొద్దు. పోర్టబుల్ ఛార్జర్ ఎర్రలైటు వేసి మొరాయిస్తే చాలాసార్లు తప్పు ఎర్తింగ్‌ది. ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతుంది. రెండు బకెట్ల నీళ్లు పోస్తే కొన్నిసార్లు అక్కడికక్కడే పనవుతుంది. ఎర్తింగ్ లేకుండా ఛార్జింగ్ ఎక్కించే అడాప్టర్లను మాత్రం ముట్టొద్దు, షాక్ కొట్టకుండా ఆపేదే ఆ ఎర్రలైటు. సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సులు వద్దు. తప్పనిసరైతే 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, పూర్తిగా విప్పి పరిచింది వాడండి. అరగంట తర్వాత స్విచ్ ఆపి, ప్లగ్ తీసి చేత్తో తాకండి. చెయ్యి పెట్టలేనంత వేడుంటే, లేదా ప్లాస్టిక్ వాసన వస్తే, ఆ సాకెట్ వదిలేయండి. ఛార్జర్‌లో కరెంటు తగ్గించే వీలుంటే 10 యాంప్స్‌కు దించి వేరే సాకెట్‌లో పెట్టండి, ఆలస్యమైనా నిలకడగా ఎక్కుతుంది.

అన్నీ చేసినా ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దు. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, లోపలి ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ లారీయే రావాలి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరు, పాలసీ నంబరు కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి, అప్పటికి ఫోన్‌లో కూడా ఛార్జింగ్ ఉండకపోవచ్చు.