విషాద కథ ముగిశాక మొదటి పేరాకు తిరిగి వెళ్లండి

హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వంటి పాత గ్రంథాలయాల్లో కథా సంపుటాలు చదివేవారికి ఒక చిన్న సూచన: విషాదాంతమైన కథ పూర్తికాగానే తరువాతి కథకు పేజీ తిప్పకుండా, అదే కథ మొదటి పేరాను మరొకసారి నెమ్మదిగా, వీలైతే పైకి చదవండి.

1886లో రష్యన్ రచయిత చెకోవ్ రాసిన బండివాని కథనే తీసుకోండి. ఆరంభంలో సంధ్యవేళ తడిమంచు కురుస్తుంటుంది. కొడుకును పోగొట్టుకున్న అయోనా బండిపై వంగి కదలకుండా కూర్చుంటాడు, అతని గుర్రమూ అంతే తెల్లగా, అంతే నిశ్చలంగా నిలబడి ఉంటుంది. తొలిసారి చదివినప్పుడు అది కేవలం వాతావరణ వర్ణనగా తోస్తుంది. ఎక్కిన వారెవరూ అతని గోడు వినక, చివరికి అతడు గడ్డి నములుతున్న ఆ గుర్రానికే తన దుఃఖం చెప్పుకున్నాడని తెలిశాక చూస్తే, వినే ఒకే ఒక్క ప్రాణిని రచయిత మొదటి వాక్యాల్లోనే అతని ముందు నిలిపాడని అర్థమవుతుంది. కంటతడి పెట్టించడం కంటే ఈ కూర్పే గొప్ప పనితనమని నా అభిప్రాయం.

1952లో అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’నూ ఇలాగే చదవవచ్చు, నియమాల మనిషి రావుగారి ఆలోచనలు రెండోసారి వేరుగా వినిపిస్తాయి. (చదవనివారి కోసం ముగింపు చెప్పడం లేదు.)

ఇటువంటి కథలను వరుసగా చదవకండి; కాజీపేట నుంచి సికింద్రాబాదుకు వెళ్లే రైలు ప్రయాణానికి ఒక్కటి చాలు.