గట్టు మిట్టలో సైకిలు ఆగిపోతోందా? ఎక్కడ ఆగితే ఏం చూడాలి

కర్నూలులో సైకిలు తొక్కేవాళ్ళకు మిట్ట అలవాటు ఉండదు. కొండారెడ్డి బురుజు చుట్టూ తిరిగినా, తుంగభద్ర ఒడ్డుకు పోయినా రోడ్డు మనల్ని పెద్దగా పరీక్షించదు. అందుకే ఆదివారం పొద్దున్నే హుషారుగా జగన్నాథ గట్టు వైపు సైకిలు తిప్పినవాడికి సగం దారిలో చుక్కలు కనిపిస్తాయి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోవాల్సిన రూపాల సంగమేశ్వర ఆలయాన్ని విప్పి తెచ్చి ఈ గట్టు మీద నిలబెట్టారు. అంతటి గుడే పైకి ఎక్కింది, మనం ఎక్కలేమా అని బయల్దేరతాం. నేనూ అలాగే బయల్దేరి మూడు ఆదివారాలు సైకిలు తోసుకుంటూ పోయాను.

నాలుగో ఆదివారం తెలిసింది, వెనక బ్రేకు రబ్బరు రిమ్ముకు రాసుకుంటోందని. చదును మీద నాకు తెలియనే లేదు. మూడు వారాలు నా వయసును, నా పొట్టను తిట్టుకున్నాను. అందుకే ఇక్కడ వరస ఇలా పెట్టాను: ముందు సైకిలు, తర్వాత గేరు, ఆ తర్వాతే మనిషి.

మొదట మిట్ట ఎంతో కొలవండి

"చాలా నిట్రంగా ఉంది" అంటే ఏమీ తేలదు. మేస్త్రీల దగ్గర ఉండే మీటరు పొడవు రసమట్టం తెచ్చుకోండి. ఒక కొన రోడ్డుకు ఆనించి, గాలిబుడగ మధ్యకు వచ్చేదాకా రెండో కొన లేపండి. ఆ కొనకూ రోడ్డుకూ మధ్య ఎంత ఎడం ఉందో టేపుతో చూడండి. 10 సెంటీమీటర్లుంటే 10 శాతం మిట్ట. ఒకే చోట కాకుండా నాలుగు చోట్ల కొలవాలి, ఎందుకంటే మనల్ని ఆపేది సగటు కాదు, అందులోని నిట్రమైన ఇరవై అడుగులే.

న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో బాల్డ్విన్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. ఇళ్ళూ గేట్లూ ఉన్న మామూలు వీధే, కానీ నిట్రంగా ఉన్నచోట 34.8 శాతం. ప్రపంచంలో అన్నిటికన్నా నిట్రమైన వీధి అని దానికి పేరు. 70 కిలోల మనిషి 20 కిలోల సైకిలు మీద గంటకు 6 కిలోమీటర్ల చొప్పున 10 శాతం మిట్ట ఎక్కాలంటే కాళ్ళు సుమారు 150 వాట్లు ఇవ్వాలి. అంటే పాతకాలం సీలింగ్ ఫ్యాన్లు రెండు తిప్పినట్టు. అదే వేగంతో బాల్డ్విన్ స్ట్రీట్ ఎక్కాలంటే ఆరు ఫ్యాన్లకు పైనే. మీ మిట్ట ఎన్ని ఫ్యాన్లదో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

సమస్య: చదును మీద బాగానే పోతుంది, మిట్టలో ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టుంటుంది

సైకిలును స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి. ఊరికే తిరిగి తిరిగి ఆగాలి. రెండు చుట్లకే ఆగితే కారణం అక్కడే ఉంది. శబ్దం ఒక్కచోటే వస్తుంటే రిమ్ముకు బెండు ఉన్నట్టు, బెండు తీయించాలి. చుట్టంతా రాసుకుంటుంటే బ్రేకు రబ్బర్లు ఒక పక్కకు జరిగాయి, మధ్యకు సర్దుకోవాలి. ఏదీ రాసుకోకుండానే బరువుగా తిరుగుతుంటే లోపల గ్రీజు ఎండిపోయి ఉంటుంది, లేదా ఇరుసు మీద బేరింగు గుండ్లను పట్టి ఉంచే కోన్ ఎక్కువ బిగించి ఉంటారు. ఓవరాయిలింగ్ చేయించి రెండేళ్ళు దాటిన సైకిలుకు ఈ జబ్బు మామూలే.

ఇంకో రకం ఉంది, అది స్టాండు మీద దొరకదు. మిట్టలో గట్టిగా తొక్కినప్పుడు చైను వెనక ఇరుసు కుడి కొనను ముందుకు లాగుతుంది. నట్లు వదులుగా ఉంటే చక్రం వంకర తిరిగి, టైరు ఎడమ పక్క ఫ్రేముకు రాసుకుంటుంది. ఫ్రేము లోపలి వైపు రంగు గీసుకుపోయిందేమో చూడండి. గీత కనబడితే చక్రాన్ని మధ్యకు తెచ్చి రెండు నట్లూ పానాతో గట్టిగా బిగించాలి.

గాలి సంగతి చెప్పేదేముంది. తక్కువుంటే కొట్టించుకోండి.

సమస్య: లేచి నిలబడి బరువంతా వేసినా పెడల్ కిందికి దిగడం లేదు

గేర్లు లేని పాత నల్ల సైకిళ్ళ మీద నూటికి తొంభై మంది ఇక్కడే ఓడిపోతారు. కారణం కాళ్ళలో ఉండదు, పళ్ళ లెక్కలో ఉంటుంది. ముందు చైన్ వీల్‌కు 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కు 18 ఉన్నాయనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 5.4 మీటర్లు పోవాలి. 10 శాతం మిట్టలో దీనికి పెడల్ మీద సగటున 50 కిలోల బరువు పడాలి. పెడల్ పైనా కిందా ఉన్నప్పుడు మన తోపుకు బలం ఉండదు కాబట్టి, మధ్యలో ఇంకా చాలా ఎక్కువ పడాలి. 70 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడ్డా చాలదు. అందుకే పెడల్ మొరాయిస్తుంది.

గేర్ల సైకిలుకు ముందు చిన్న చక్రం 24 పళ్ళు, వెనక పెద్ద చక్రం 28 పళ్ళు ఉంటే ఒక చుట్టుకు 1.8 మీటర్లు కూడా పోదు. కానీ పెడల్ మీద 16 కిలోలు వేస్తే చాలు. పని అంతే, వాయిదాలు ఎక్కువ.

పాత సైకిలు అమ్మేయమని చెప్పడం లేదు. వెనక 18 పళ్ళ ఫ్రీవీల్ తీసి 22 పళ్ళది వేయించండి. 50 కిలోలు 40 అవుతుంది. చైనుకు ఒకటి రెండు లింకులు కలపాల్సి రావచ్చు, ఖర్చు పెద్దగా కాదు. ఊళ్ళో కాస్త నెమ్మదిగా పోతారు. పాల క్యాన్లు వేసుకుని తిరిగేవాళ్ళకు ఈ మార్పు మరీ మేలు. అయినా 10 శాతం దాటాక ఒంటి గేరు సైకిలుతో యుద్ధం నా దృష్టిలో మొండితనమే. దిగి నడిస్తే పోయేదేం లేదు.

సమస్య: గేరు మారుస్తుంటే కటకటమంటుంది, చైను ఊడిపోతుంది

ఈ ఫిర్యాదుతో మా పాతబస్తీలో మెకానిక్ దగ్గరికి పోయాను. పెద్దాయన, నలభై ఏళ్ళుగా అదే పని.

"భాయ్, మిట్టలో చైను ఊడుతోంది, చూడు."

"గేరు ఎప్పుడు మారుస్తావు సార్?"

"ఇంక తొక్కలేను అనుకున్నప్పుడు."

"అదే తప్పు. గొంతు దాకా మునిగినాక ఈత నేర్చుకుంటావా?"

చైను బిర్రుగా లాగబడుతున్నప్పుడు పక్క చక్రం మీదికి ఎక్కలేదు. పళ్ళ అంచున కాసేపు తన్నుకుని, చివరకు దూకుతుంది లేదా ఊడుతుంది. అందుకే మిట్ట మొదలవడానికి పదిహేను ఇరవై మీటర్ల ముందే, కాళ్ళు తేలిగ్గా తిరుగుతున్నప్పుడే చిన్న గేరుకు, అంటే వెనక పెద్ద పళ్ళ చక్రం వైపుకు రావాలి. మధ్యలో మార్చక తప్పకపోతే, రెండు తొక్కులు గట్టిగా తొక్కి కాస్త ఊపు తెచ్చుకోండి. తర్వాతి తొక్కులో కాళ్ళ బరువు సగం తగ్గించి, అప్పుడు మీట నొక్కండి. ముందు పళ్ళ చక్రాల గేరు అసలు మిట్ట మధ్యలో మార్చొద్దు.

ఇంత చేసినా వెనక చైను పెద్ద చక్రం దాటి పుల్లల్లోకి పడుతుంటే అది సర్దుబాటు తప్పు. గేరు మార్చే భాగానికి రెండు చిన్న స్క్రూలుంటాయి. ఎల్ అని రాసి ఉన్నది పెద్ద చక్రం వైపు హద్దు. దాన్ని పావు చుట్టు బిగించి చూడండి. ఇది ఇంట్లోనే సరిచేసుకోండి. పుల్లల్లో చైను ఇరుక్కుంటే మిట్ట మీద విరిగేది పుల్లలే కాదు.

సమస్య: గేరు ముట్టుకోకున్నా తొక్కుతుంటే టక్కుమని జారుతుంది

జారడమా, ఊగడమా తేల్చుకోండి. పెడల్ ప్రతి చుట్టులో ఒకేచోట టుక్ మని ఊగితే, పాత సైకిలయితే పెడల్ కడ్డీని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను అరిగింది. నట్టు బిగించి ఊరుకోవద్దు, కొత్తది వేయించండి. ఎక్కడంటే అక్కడ జారుతుంటే చైను సాగింది. స్కేలు పెట్టి కొలవండి. ఒక పిన్నును సున్నా అనుకుని, దాని తర్వాతి పిన్ను నుంచి ఒకటి, రెండు అని లెక్కపెడితే, దాని మధ్య నుంచి 24వ పిన్ను మధ్యకు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగిందంటే చైను మార్చాల్సిందే. అప్పటికి ఫ్రీవీల్ పళ్ళు కూడా అరిగి ఉంటాయి. కొత్త చైను వేసినా జారుతుంటే ఫ్రీవీల్ కూడా మార్చండి.

సమస్య: ముందు చక్రం పైకి లేస్తుంది, లేదా వెనక చక్రం జారుతుంది

రెండూ ఒకే తక్కెడకు రెండు పక్కలు. నిట్రంలో మన బరువు వెనక్కి పోతుంది, ముందు చక్రం లేస్తుంది. భయపడి నిలబడి ముందుకు వాలితే వెనక చక్రం మీద బరువు తగ్గి, ఇసుక ఉన్నచోట గిర్రున తిరుగుతుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో రాళ్ళు పరిచిన కాంటన్ అవెన్యూ అనే వీధి ఒకటుంది, నిట్రంగా ఉన్నచోట 37 శాతం అంటారు, రికార్డు మాత్రం బాల్డ్విన్ స్ట్రీట్‌దే. ఏటా జరిగే ఒక సైకిలు పందెంలో దాన్ని ఎక్కబోయి పడేవాళ్ళలో చాలామంది ఈ తక్కెడ తప్పినవాళ్ళే.

కూర్చునే ఉండండి. సీటు ముందు మొనకు జరగండి. మోచేతులు వంచి ఛాతీ హ్యాండిల్ వైపు దించండి. హ్యాండిల్‌ను పైకి పీకొద్దు. వెనక క్యారియరు మీద బరువుంటే దించేయండి, లేదా వీపుకు తగిలించుకోండి.

తారు సంగతి కూడా చెప్పాలి. బాల్డ్విన్ స్ట్రీట్ నిట్రమైన భాగానికి తారు కాకుండా సిమెంటు వేశారు, ఎండకు తారు మెత్తబడి కిందికి జారుతుందని. చల్లటి దేశంలోనే అంత జాగ్రత్త పడితే, రోహిణి కార్తెలో మన కర్నూలు తారు మీద మధ్యాహ్నం టైరు అంటుకుంటోందని ఆశ్చర్యపోవడం దేనికి?

సమస్య: అంతా బాగానే ఎక్కి, ప్రతిసారీ మలుపులోనే ఆగిపోతాను

మలుపు లోపలి అంచు ఎప్పుడూ ఎక్కువ నిట్రం. ఎక్కే ఎత్తు అదే, దూరం తక్కువ. ఈ చిన్న విషయం మీద పెద్ద పేచీయే నడిచింది. 2019లో వేల్స్‌లోని హార్లెక్ అనే ఊరి వీధికి ప్రపంచ రికార్డు ఇచ్చారు. కొలత వీధి నడుమ తీయాలని డునెడిన్ వాళ్ళు వాదించి, 2020లో రికార్డు వెనక్కి తెచ్చుకున్నారు.

మనం ఎడమ పక్కన పోతాం కాబట్టి కుడికి తిరిగే మలుపులో బయటి అంచు మనకే దక్కుతుంది. ఎడమకు తిరిగే మలుపులో లోపలి అంచు తగులుతుంది. అక్కడికి చేరకముందే ఇంకో గేరు తగ్గించండి. సులువని రోడ్డు కుడి పక్కకు పోవద్దు. పైనుంచి ఆటో వస్తే అది మీకు కనపడదు, మీరు దానికి కనపడరు.

సమస్య: మధ్యలో ఆగిపోయాను, మళ్ళీ ఎక్కబోతే సైకిలు వెనక్కి పోతుంది

రోడ్డుకు అడ్డంగా తిప్పి, రెండు బ్రేకులూ పట్టి, పై వైపు కాలు నేల మీద ఆనించండి. రెండో పెడల్‌ను కాస్త ముందుకు, పైకి తెచ్చుకోండి. ముందూ వెనకా చూసుకుని అడ్డంగానే రెండు తొక్కులు తొక్కి, అప్పుడు మెల్లగా పైకి తిప్పండి. 20 శాతం మిట్ట ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో పోతే 14 శాతమే అవుతుంది. పాములా మెలికలు తిరిగే ఈ పద్ధతి ఖాళీ రోడ్డు మీద మాత్రమే. శివరాత్రి జనంలో చేయబోతే నలుగురూ తిడతారు, న్యాయమే.

సమస్య: సైకిలు బాగుంది, నేనే బాగాలేను

మిట్ట మొదట్లో ఊపిరి అందకపోతే, కింది నుంచే పరుగు పెట్టారన్నమాట. మొదటి సగం పక్కవాడితో మాట్లాడగలిగేంత నిదానంగా తొక్కండి. మోకాలి ముందు భాగం నొస్తే సీటు కిందికి ఉంది. రెండు కాళ్ళూ నేలకు ఆనాలని సీటు దించుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి, అంత ఎత్తు పెట్టుకోండి. మోకాలి వెనక నొస్తే సీటు ఎక్కువ లేపారు.

ఎండాకాలం ఏడు గంటల లోపే దిగి వచ్చేయండి. నీళ్ళతో పాటు ఉప్పు వేసిన మజ్జిగ సీసా పెట్టుకోండి. ఛాతీలో బిగుతు, ఎడమ చేయి లాగడం, కళ్ళు తిరగడం, చెమట ఆగిపోవడం... వీటిలో ఏది వచ్చినా అక్కడే దిగి నీడకు చేరండి, మనిషిని పిలవండి, ఆస్పత్రికి పోండి. "ఇంకో వంద మీటర్లేగా" అనొద్దు.

సమస్య: దిగేటప్పుడు బ్రేకు పట్టడం లేదు

ఇది ఎక్కకముందే చూడాల్సింది. సైకిలు పక్కన నిలబడి ముందు బ్రేకు నొక్కి ముందుకు తోయండి, వెనక చక్రం లేవాలి. వెనక బ్రేకు నొక్కి తోస్తే చక్రం తిరగకుండా ఈడ్చుకుపోవాలి. ఈ రెండూ జరగకపోతే ఆ రోజు గట్టు వద్దు. దిగేటప్పుడు బ్రేకులు అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ము వేడెక్కి రబ్బర్లు అరిగిపోతాయి. వేగం పెరగకముందే గట్టిగా నొక్కి వదులుతూ రండి. కిందికి చేరాక రిమ్ము మీద వేలు పెట్టి చూడకండి. నేను పెట్టాను, రెండు రోజులు ఆ వేలుతో అన్నం కలపలేకపోయాను.