చవక కత్తిని ఎంచుకోవడం, పదును పెట్టడం

కంచె కొమ్మలు నరకడానికి, కొబ్బరి మట్టలు చెక్కడానికి, అరటి గెలలు కోయడానికి వాడే కత్తికి వేలకు వేలు పోయనక్కరలేదు. పాత లారీల విడిభాగాలకు పేరుపడ్డ ఆటోనగర్ విజయవాడలోనే ఉంది కనుక, లారీ కుదుపులను తట్టుకునే కమాను పట్టీ ఉక్కును కొలిమిలో కాల్చి సాగగొట్టి చేసిన కత్తి మనకు తక్కువ ధరకే దొరుకుతుంది. అయితే మెరుపు చూసి కొనకూడదు. కమాను పట్టీలో సుమారు 0.5 నుంచి 0.6 శాతం కర్బనం ఉంటుంది కాబట్టి కాల్చి నూనెలో ముంచితే అది గట్టిపడుతుంది. కిటికీ గ్రిల్లులకు వాడే మెత్తని ఇనుములో కర్బనం 0.25 శాతానికి మించదు కాబట్టి, దాన్ని ఎంత కాల్చి ముంచినా పదును నిలిపేటంత గట్టిదనం రాదు.

ఈ తేడాను ఒక చిన్న ఆకురాయితో తెలుసుకోవచ్చు. దుకాణదారును అడిగి, పిడికి దగ్గరగా వాదర (కోసే అంచు) మీద దానితో తేలికగా ఒకసారి గీయండి. కొలిమిలో కాలినప్పుడు ఉక్కు పైపొరలోని కర్బనం కొంత పోయి ఆ పొర మెత్తబడుతుంది కనుక, మొదటి గీతను నమ్మకుండా అదే చోట మరి రెండుసార్లు గీసి చూడాలి. అప్పటికీ పొడి సులువుగా రాలుతుంటే ఆ ఇనుము మెత్తనిది. ఆకురాయి గాజు మీద జారినట్లు జారిపోతే అది మరీ గట్టిది, ముడి కొయ్య తగిలితే వాదర పెచ్చులూడుతుంది. కాస్త బలం పెడితేనే పొడి రాలే కత్తి బయటి పనికి సరైనది. ఆపైన కత్తిని కంటి ఎదుట నిలువుగా పట్టి వంకర లేదని, పిడి కదలడం లేదని చూస్తే చాలు.

కొన్న తరువాత మోటారు సానకు ఇవ్వవద్దని గట్టిగా చెబుతాను. గుంటూరులో ఒకసారి అలా ఇచ్చిన నా కత్తి మొన నీలం రంగు తిరిగి చేతికి వచ్చింది. ఉక్కు దాదాపు 300 డిగ్రీల వేడికి చేరినప్పుడు ఆ రంగు వస్తుంది, దానితోపాటే గట్టిదనమూ తగ్గుతుంది. ఆ రెండంగుళాల మేర పదును మరి ఎన్నడూ నిలవలేదు.

ఒకవైపు గరుకుగా, మరొకవైపు నునుపుగా ఉండే సానరాయిని బుడగలు ఆగేదాకా నీళ్ళలో నానబెట్టి, కదలకుండా తడిగుడ్డ మీద ఉంచండి. కత్తి వెడల్పులో మూడో వంతు ఎత్తున దాని వీపును, అంటే వాదరకు ఎదుటి మొద్దు అంచును, లేపితే, అంటే మూడు సెంటీమీటర్ల కత్తికి ఒక సెంటీమీటరు లేపితే, సుమారు 20 డిగ్రీల కోణం వస్తుంది. ఆ ఎత్తు చివరిదాకా మారకూడదు, పదునంతా దాని మీదే ఆధారపడి ఉంది. చేయి కుదిరిందో లేదో తెలియాలంటే వాదర వెంట స్కెచ్ పెన్నుతో రంగు పూసి, రెండుసార్లు నూరి చూడండి. రంగు వాదర చివరన మిగిలితే వీపును ఇంకొంచెం లేపాలి, పైన మిగిలితే దించాలి.

గరుకు వైపున ఒకే పక్కను నూరుతూ ఉంటే, కొంతసేపటికి రెండో పక్కన సన్నని గరుకు పొర లేస్తుంది. వాదర వెంట కాకుండా, వీపు నుంచి వాదర మీదుగా బయటికి వేలు జరిపితే అది చేతికి తగులుతుంది. పిడి నుంచి మొన దాకా అది తగిలేవరకు పక్క మార్చవద్దు, చాలామంది తొందరపడేది ఇక్కడే. రెండు పక్కలా పొర లేచాక నునుపు వైపున బరువు తగ్గించి, ఒక్కో పక్కకు ఒక్కోసారి చొప్పున మార్చి మార్చి నూరి, చివరకు పాత తోలు బెల్టు మీద వాదర వెనక ఉండేలా పదిసార్లు లాగితే మిగిలిన పొర రాలిపోతుంది.

ఇప్పుడు ట్యూబులైటు కింద వాదరను నిలువుగా చూడండి. మొద్దు చోట్లు సన్నని తెల్ల గీతలా మెరుస్తాయి, పదునైన చోట ఏమీ కనిపించదు. మెరిసిన చోటును మాత్రమే మళ్ళీ నూరితే సరిపోతుంది. నిమ్మ, చింతపండు తగిలిన కత్తిని వెంటనే కడిగి తుడిచి, వానాకాలంలో కొబ్బరినూనె పలుచగా పూసి పెట్టండి.