మన లాప్‌టాప్‌లోనే సీటీ స్కాన్ – 3వ పాఠం: తెలుపును కాదు, అంకెను చూడండి

పోయిన పాఠంలో త్రీడీ స్లైసర్ అనే, స్కాన్లు తెరిచి చూసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నాం, అందులోనే ఉండే శాంపిల్ డేటా నుంచి సీటీ చెస్ట్ అనే స్కాన్ దించుకున్నాం, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలున్న మూడు కిటికీల్లో ఒక మనిషి ఛాతీని మూడు దిక్కుల నుంచి చూశాం. ఈ పాఠాలన్నీ ముందు మా అక్క కొడుకుతో చేయించి చూస్తున్నా. వాడు నల్గొండలో డిగ్రీ రెండో ఏడు, కంప్యూటర్ బాగానే వస్తుంది, సీటీ స్కాన్ మాత్రం ఇదే మొదలు. పక్కటెముకల మీద మౌస్ పెట్టి, "మామా, తెల్లగున్నదంతా బొక్కనే గదా" అన్నాడు. ఈ పాఠమంతా ఆ మాట గురించే.

సీటీ చెస్ట్ మళ్లీ తెరవండి. ఎరుపు కిటికీలో మౌస్‌ను మెల్లగా కదిలిస్తూ స్క్రీన్ ఎడమవైపు అడుగున చూడండి. అక్కడ డేటా ప్రోబ్ అని చిన్న డబ్బా ఉంటుంది. ఎల్, ఎఫ్, బి అని మూడు వరసలు, అందులో బి వరస చివర మౌస్ కదిలినప్పుడల్లా మారిపోయే అంకె ఒకటి. ఎవరూ పట్టించుకోని మూల అది, కానీ స్లైసర్‌లో అన్నిటికన్నా విలువైన చోటు అదే అని నా అభిప్రాయం. ఒంటి బయట గాలి మీద పెట్టండి, −1000 దగ్గర్లో ఉంటుంది. చర్మం కింది కొవ్వు మీద పెడితే −100 చుట్టుపక్కల, కండ మీద 40, 60 అలా. పక్కటెముక గట్టి అంచు మీదికి రాగానే వందలు దాటి ఎగబాకుతుంది.

ఈ అంకెల్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు అంటారు. 1971లో లండన్‌లో మొదటిసారి ఒక రోగి తలను సీటీ తీయడానికి యంత్రం తయారుచేసిన ఇంజనీర్ గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరు అది, ఆయనకూ, అలాంటి స్కాన్‌కు కావాల్సిన లెక్కల్ని ముందే వేసిన అలన్ కార్మాక్‌కూ కలిపి 1979లో నోబెల్ ఇచ్చారు. కొలత సూటిగా ఉంటుంది: నీళ్లు సున్నా, గాలి −1000, ఎక్స్‌రేను ఎంత ఎక్కువగా అడ్డుకుంటే అంకె అంత పైకి. అంటే స్కాన్ అసలు బొమ్మే కాదు, అంకెల పట్టిక. బొమ్మను స్లైసర్ ఆ పట్టిక నుంచి అప్పటికప్పుడు గీసి చూపిస్తుంది.

గీసేటప్పుడు ఒక చిక్కు ఉంది. మామూలుగా సీటీ అంకెలు −1024 నుంచి 3071 దాకా, అంటే 4096 మెట్లు. మన స్క్రీన్ చూపించే బూడిద రంగులు 256. అందుకే ఆ పెద్ద మెట్ల వరసలో ఒక ముక్కను ఎంచుకుని దానికే రంగులన్నీ పంచుతారు, ఆ ముక్కనే విండో అంటారు. వాల్యూమ్స్ మాడ్యూల్‌కు వెళ్లి విండో 400, లెవెల్ 40 అని కొట్టండి. విండో అంటే ఆ ముక్క వెడల్పు, లెవెల్ అంటే దాని నడిమి అంకె. −160 కన్నా తక్కువైనదంతా నలుపు, 240 దాటినదంతా ఒకే తెలుపు. ఇప్పుడు ఎముక మీద మౌస్ తిప్పండి: ఒకచోట 280, ఇంకోచోట 900, కంటికి మాత్రం రెండూ ఒకటే సున్నం గోడ. ఇప్పుడు విండో 1000, లెవెల్ 400 చేయండి. −100 నుంచి 900 దాకా రంగులు పరుచుకున్నాయి కాబట్టి పక్కటెముక లోపల ఇంతసేపు కనపడని మెత్తటి భాగం వేరుగా, గట్టి పెంకు వేరుగా విడిపోతుంది. స్కాన్ మారలేదు, లోపలి అంకె ఒక్కటి కూడా మారలేదు. మావాడు ఈ రెండింటి మధ్య పదిసార్లు అటూ ఇటూ మార్చి చూశాడు, మీరూ మార్చండి, ఒకసారితో వదలకండి.

ఇక్కడ సీడీల గురించి చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతా. మా ఇంట్లో ఒకరికి నడుము సీటీ తీయించాం. తీసిన చోట సీడీ అడిగితే ఇచ్చారు, ఇంటికొచ్చి చూస్తే అందులో ఉన్నవి జేపీజీ ఫోటోలు. మెత్తటి భాగాలు కనపడే విండోలో పెట్టి ఫోటోలుగా మార్చేశారు, ఎముక మొత్తం తెల్లగా అతుక్కుపోయింది, ఆ తెలుపు వెనకాల 300 ఉందో 1300 ఉందో ఇక ఏ సాఫ్ట్‌వేరూ బయటికి తీయలేదు. మళ్లీ వెళ్లి అడిగేసరికి అసలు ఫైళ్లు తీసేశామన్నారు. అంత రేడియేషన్ తీసుకుని, అంత డబ్బు కట్టి తీయించుకున్న కొలతలు అవి. కాబట్టి సీడీ అడిగేటప్పుడే "డైకామ్ ఫైళ్లు కావాలి" అని ఆ మాటే వాడి అడగండి, అంకెలన్నీ ఉండే అసలు స్కాన్ ఫైళ్లు అవే. అడిగితే ఇస్తారు, చాలాచోట్ల అడిగేవాళ్లే ఉండరు. ఇంకొకటి, డైకామ్ ఫైల్ లోపల రోగి పేరు, వయసు, తేదీ కూడా ఉంటాయి. ఇంకొకరి స్కాన్‌ను వాళ్లను అడగకుండా, పేరు తీసేయకుండా వాట్సాప్‌లో తిప్పొద్దు, నేర్చుకోవడానికైనా సరే.

ఇప్పుడు ఎముకను విడదీద్దాం. సెగ్మెంట్ ఎడిటర్ తెరిచి, యాడ్ నొక్కి, కింద వరుసగా ఉన్న పనిముట్లలో థ్రెషోల్డ్ ఎంచుకోండి. ఇది జల్లెడే, ఇంకేం కాదు. ఇంత అంకెకు పైనున్న గింజలన్నీ పైన మిగలాలి, తక్కువవి కిందికి రాలిపోవాలి. కింది హద్దు 250 పెట్టి అప్లై కొట్టి, షో త్రీడీ నొక్కండి. నాలుగో కిటికీలో పక్కటెముకల గూడు లేచి నిలబడుతుంది. ఆ నిమిషం ఎన్నిసార్లు చూసినా నాకు కొత్తగానే ఉంటుంది. ఇలా అంకెల్లోంచి ఉపరితలాన్ని అల్లే పనికి మూలం 1987లో బిల్ లోరెన్సన్, హార్వే క్లైన్ ప్రకటించిన మార్చింగ్ క్యూబ్స్ పద్ధతి. ఆ లోరెన్సనే తర్వాత విల్ ష్రోడర్, కెన్ మార్టిన్‌లతో కలిసి వీటీకే అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ మొదలుపెట్టారు, స్లైసర్‌లో మనకు కనపడే ప్రతి బొమ్మనూ గీసేది అదే. ఎవరో ఏళ్ల తరబడి రాసిన కోడ్‌ను నయాపైసా కట్టకుండా, మన నల్గొండ జిల్లా మర్రిగూడలో కూర్చునైనా తెరిచి చదువుకోవచ్చు. ఇదే పని చేసే లైసెన్సు సాఫ్ట్‌వేర్ల ధరలు మన కాలేజీలకు అందేవి కావు.

సంతోషం అయిపోయాక తిప్పి చూడండి. బల్లలాంటిది కూడా వచ్చి ఉంటే అది మనిషి పడుకున్న పలక, జల్లెడకు పలకా ఎముకా తేడా తెలియదు, అంకె సరిపోతే చాలు. దాన్ని ఐలాండ్స్ అనే పనిముట్టులో పెద్ద ముక్కను మాత్రం ఉంచమని చెప్పి తీసేయొచ్చు, అది వచ్చే పాఠంలో. అంతకన్నా ముఖ్యమైనది, కింది హద్దును 250 నుంచి 150కి తెచ్చి చూడండి, తర్వాత 400కి పెంచి చూడండి. 150 దగ్గర పక్కటెముకలు లావెక్కుతాయి, ఎముక కానివి వచ్చి అతుక్కుంటాయి. 400 దగ్గర పలుచటి ఎముకల్లో చిల్లులు పడతాయి. ఆ చిల్లులు మనిషికి ఉన్నవి కావు, మనం పెట్టినవి. కారణం చెప్తా. స్కాన్‌లో ఒక్కో గింజ, అంటే వాక్సెల్, 0.7 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉందనుకోండి. ఆ చిన్న ఇటుకలో సగం గట్టి ఎముక 1000, సగం కొవ్వు −100 పడితే యంత్రం రెండింటినీ కలిపి 450 అని ఒకే అంకె రాస్తుంది. ఎముక పావువంతే ఉంటే 175కి పడిపోయి మన జల్లెడలోంచి జారిపోతుంది. అందుకే హద్దు పెట్టే ముందు వాల్యూమ్స్‌లో వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి స్పేసింగ్, అంటే వాక్సెల్ మూడు కొలతలు, చూసుకోవాలి, మూడో అంకె పెద్దగా ఉంటే పలుచటి ఎముకల విషయంలో తొందరపడి ఏమీ అనకూడదు.

"మరి కరెక్ట్ అంకె ఎంత మామా?" అని వాడు అడిగాడు. అందరికీ సరిపోయే అంకె లేదు. మన జిల్లాలో అసలే లేదు.

మా నాయనమ్మది మర్రిగూడ వైపు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పేది కాదు, మనిషి మొత్తం తిరిగేది. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్. ఆమె వెన్ను ఎక్స్‌రేను నాన్న ట్యూబ్‌లైటుకు ఎత్తి పట్టుకుంటే పూసలన్నీ కలిసి ఒకటే తెల్లటి కట్టెలా కనపడేవి. ఎంత తెలుపు, ఎక్కడ ఎక్కువ, పోయిన ఏటికీ ఈ ఏటికీ ఎంత తేడా, ఆ ఫిల్మ్‌లో కొలుచుకునే దారి మాకు లేదు. ఎముకల ఫ్లోరోసిస్‌లో ఎముక చిక్కబడుతుంది, పూసల్ని పట్టి ఉంచే లిగమెంట్లలో కాల్షియం పేరుకుని అవి కూడా ఎముకల్లా గట్టిపడతాయి, కొందరిలో వెన్నుపాము దారి ఇరుకైపోతుంది. మామూలు పెద్ద మనిషి నడుము పూస లోపలి మెత్తటి భాగం సుమారు 100 నుంచి 200 మధ్య ఉంటుందని పెట్టుకున్న లెక్క ఇలాంటి వెన్నుకు పనికిరాదు. లిగమెంటు కూడా జల్లెడ పైనే మిగులుతుంది, ఎముకతో కలిసి ఒకే ముక్కగా లేస్తుంది. ఎక్కడివాళ్ల స్కాన్ల మీదో కుదుర్చుకున్న హద్దును తెచ్చి పెట్టి వచ్చిన బొమ్మను నమ్మితే, మన మనిషి వెన్ను గురించి మనమే తప్పు చెప్పినట్టు. ముందు మౌస్ పెట్టి ఆ మనిషి కండ ఎంత, గట్టి ఎముక ఎంత, అనుమానం ఉన్న చోట ఎంత అని పది చోట్ల చూసి రాసుకుని, అప్పుడు హద్దు పెట్టాలి.

స్లైసర్ పరిశోధనకూ చదువుకూ ఇచ్చిన పనిముట్టు, వైద్యానికి ఆమోదం పొందింది కాదు. ఇందులో చూసిందాన్ని పట్టుకుని ఎవరికీ జబ్బు పేరు చెప్పకండి, రేడియాలజిస్టు దగ్గరికి పంపండి.

ఈసారి ఇంటిపని. సీటీ చెస్ట్‌లో 150, 250, 400 హద్దులతో మూడు సెగ్మెంట్లు చేయండి, సెగ్మెంట్ స్టాటిస్టిక్స్‌లో ఒక్కోదాని ఘనపరిమాణం ఎన్ని ఘన సెంటీమీటర్లు వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత శాంపిల్ డేటాలోనే ఉన్న సీటీఏ కార్డియో దించుకోండి. అది రక్తనాళాల్లోకి మందు ఎక్కించి తీసిన గుండె స్కాన్, 250తో జల్లించి చూడండి, ఎముకలతో పాటు గుండె గదులు కూడా లేచి వస్తాయి. రక్తం మీద మౌస్ పెట్టి అంకె ఎంతో రాయండి, పక్కనే ఉన్న పూస మెత్తటి భాగంలో ఎంతో రాయండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి, నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలుపెడతా.