వేలాడే కుండీలో మొక్క వాడిపోతోందా? ముందు బరువు చూడండి

నీళ్లు పోస్తున్నా మొక్క వాడిపోతోంది

వేలాడే కుండీల విషయంలో అందరినీ మోసం చేసే లక్షణం ఇదే. పొద్దున నీళ్లు పోస్తారు. క్షణాల్లో అడుగు నుంచి ధార కడుతుంది. బాగా తడిసిందనుకుని వదిలేస్తారు. సాయంత్రానికి కొమ్మలు తలలు వాల్చేస్తాయి. ఆ నీళ్లు అసలు వేర్ల దాకా వెళ్లనే లేదు.

నేల మీది కుండీకంటే వేలాడే కుండీకి అన్ని వైపుల నుంచీ గాలి తగులుతుంది, అందుకే త్వరగా ఎండుతుంది. పీట్ (చిత్తడి నేలల్లో కుళ్లిన నాచు) కలిసిన తేలికపాటి మట్టి మిశ్రమం ఒకసారి పూర్తిగా ఎండితే ముడుచుకుపోయి కుండీ గోడ నుంచి విడిపోతుంది, పైగా నీటిని పీల్చుకోదు. పోసిన నీరంతా ఆ సందులోంచి జారిపోతుంది. పైన చూస్తే మట్టి నల్లగా తడిగానే కనిపిస్తుంది. వేలు లోపలికి గుచ్చితే పొడి తగులుతుంది.

అందుకే కంటిని నమ్మకండి, చేతిని నమ్మండి. అరచేతిని కుండీ అడుగున పెట్టి కొద్దిగా పైకి ఎత్తండి. లీటరు నీళ్లంటే కిలో బరువు. తడిసిన కుండీకీ ఎండిన కుండీకీ తేడా చేతికి వెంటనే తెలుస్తుంది. నీళ్లు పోశాక కూడా తేలికగానే ఉంటే కొక్కెం నుంచి దించి, నీళ్లున్న బకెట్‌లో మట్టి మట్టం దాకా ముంచండి. మొదట పైకి తేలుతుంది, చేత్తో నొక్కి పట్టుకోవాలి. చిన్న చిన్న బుడగలు వరుసగా వస్తాయి. ఆ గాలి బయటికి వచ్చిన చోటికే నీరు చేరుతోందన్నమాట. అరగంటలోపు బుడగలు ఆగిపోతాయి. తీసి, నీరు ఓడ్చి, అంచు వెంబడి మట్టిని వేళ్లతో గోడకు అదమండి. ఇకపై ఒకేసారి గుమ్మరించకుండా, కొద్ది నిమిషాల తేడాతో రెండు మూడు విడతలుగా పోయండి.

కొబ్బరి పీచు బుట్టలైతే మరీ త్వరగా ఎండిపోతాయి. మొక్క నాటేముందే లోపలి వైపు ప్లాస్టిక్ కాగితం పరిచి, అడుగున రంధ్రాలు చేస్తే తేమ ఎక్కువసేపు నిలుస్తుంది.

మొక్క వాడింది, కుండీ మాత్రం బరువుగా ఉంది

ఇక్కడ నీళ్లు పోయడమంటే మొక్కను చంపడమే. వేర్లకు గాలి ఆడక కుళ్లుతున్నాయి. కుండీ అడుగుకు అతికించిన పళ్లెంలో నీరు నిలిచి ఉందేమో ముందు చూడండి, ఊడేదైతే తీసేయండి. మొక్కను బయటికి లాగి చూస్తే మంచి వేర్లు తెల్లగా, గట్టిగా ఉంటాయి. గోధుమ రంగులో మెత్తబడి, వాసన వస్తున్నవాటిని కత్తిరించి కొత్త మట్టిలో నాటండి. సగానికి పైగా కుళ్లితే పై కొమ్మలను కత్తిరించి వేళ్లూనించుకోవడమే మేలు.

ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి

ముందుగా కింది ముదురు ఆకులు పసుపుబారితే అది సాధారణంగా నత్రజని లోపం. తరచూ పోసే నీటితో పాటే పోషకాలూ కొట్టుకుపోతాయి. ద్రవ ఎరువును సూచించిన మోతాదులో సగానికి పలచన చేసి రెండు వారాలకోసారి ఇవ్వండి. ఎండిన మట్టిలో మాత్రం ఎప్పుడూ పోయకండి, వేర్లు మాడతాయి. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని అర్థం.

పైన బోడి, కింద పొడుగాటి తీగలు

మనీ ప్లాంట్, పెటూనియా పెంచేవారికి ఇది బాగా తెలిసిన బాధ. కుండీని పైకప్పుకు మరీ దగ్గరగా కట్టడంతో వెలుతురు పక్కనుంచే వస్తుంది, నడినెత్తి చీకట్లో ఉంటుంది. గొలుసు పొడవు పెంచి కిందికి దించండి. పెటూనియా కొమ్మలను మూడోవంతు కత్తిరించండి. పూలున్న కొమ్మను కోయడానికి చేయి రాదు, నాకూ రాదు. అయినా కోయాల్సిందే. పక్క చిగుళ్లు పుట్టేది ఆ కోత తర్వాతే. మనీ ప్లాంట్ తీగలను కణుపు ఉండేలా ముక్కలు చేసి, ఆ కుండీ పైభాగంలోనే గుచ్చితే బోడి నిండుతుంది.

ఒక వైపే గుబురుగా పెరుగుతుంటే వారానికోసారి కుండీని పావు వంతు తిప్పితే చాలు.

ఆకులు కాంతి తగ్గి, సన్నటి చుక్కలు పడ్డాయి

వేడి, పొడి గాలి ఉన్నప్పుడు నల్లి (ఆకుల రసం పీల్చే అతి చిన్న పురుగు) పట్టి ఉండవచ్చు. ఆకు కింద తెల్ల కాగితం పెట్టి తట్టండి. రాలిన చుక్కలు కదిలితే నల్లే. కుండీని దించి ఆకుల అడుగు భాగాన్ని నీటి జల్లుతో గట్టిగా కడగండి. మిగిలిన గుడ్లు పగిలి మళ్లీ నల్లి పుడుతుంది కాబట్టి మూడు నాలుగు రోజులకోసారి, రెండు వారాల పాటు కడుగుతూనే ఉండాలి. అప్పటిదాకా ఆ కుండీని మిగతావాటికి దూరంగా వేలాడదీయండి.