ఆర్‌స్పాన్ అమర్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌లలో ఒక స్విచ్ మీది ట్రాఫిక్ నకలును మరో స్విచ్‌కు కలిపిన అనలైజర్ (ట్రాఫిక్‌ను పరిశీలించే పరికరం) వరకు చేరవేయడానికి ఆర్‌స్పాన్‌ను (RSPAN, అంటే రిమోట్ స్పాన్) అమర్చే ముందు ఈ కింది విషయాలను సరిచూసుకోవాలి.

• నకలు కోసం ప్రత్యేకంగా ఒక వీల్యాన్‌ను (VLAN, నెట్‌వర్కులో నంబరుతో గుర్తించే విడి విభాగం) కేటాయించి, మూల, గమ్య స్విచ్‌లతో పాటు మధ్యలోని ప్రతి స్విచ్‌లోనూ దానిని రిమోట్ స్పాన్‌గా ప్రకటించాలి. 1వ నంబరు, 1002 నుంచి 1005 వరకు ఉన్న నంబర్లు ఇందుకు పనికిరావు. ఇందులో మ్యాక్ చిరునామాల (పరికరాల హార్డ్‌వేర్ చిరునామాల) నమోదు జరగదు కనుక ప్రతి ఫ్రేమూ (డేటా ముక్క) ఈ వీల్యాన్‌ను మోసే ట్రంకులన్నింటిలోకీ, అంటే అనేక వీల్యాన్‌లను మోసే స్విచ్‌ల మధ్య లింకులన్నింటిలోకీ, వెళ్తుంది. అందుచేత అవసరం లేని ట్రంకుల నుంచి దానిని తొలగించాలి, మామూలు యాక్సెస్ పోర్టులను (కంప్యూటర్ల వంటి పరికరాలను కలిపే పోర్టులను) అందులో చేర్చకూడదు.

• ట్రంకులో ఈ వీల్యాన్‌ను అనుమతించేటప్పుడు ఆదేశంలో ‘యాడ్’ అనే పదం ఉందో లేదో ఎంటర్ నొక్కే ముందే చూడాలి. ఉదాహరణకు దాని నంబరు 900 అయితే, ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 900’ అని మాత్రమే ఇస్తే పాత జాబితా మొత్తం పోయి 900 ఒక్కటే మిగులుతుంది. నిర్వహణ వీల్యాన్ (స్విచ్‌ను నియంత్రించడానికి వాడేది) కూడా ఆ ట్రంకు మీదే నడుస్తుంటే, దూరం నుంచి లాగిన్ అయినవారి సెషన్ అక్కడికక్కడే తెగిపోతుంది. ఇక కన్సోల్ కేబుల్ పట్టుకుని స్విచ్ దగ్గరకే వెళ్లాలి. అన్నిటికంటే ముందు చూడవలసింది ఇదేనని నా అభిప్రాయం.

• 1 గిగాబిట్ పోర్టును రెండు దిశల్లోనూ గమనిస్తే నకలు 2 గిగాబిట్ల దాకా చేరవచ్చు కాబట్టి, ట్రంకులో అంత ఖాళీ లేకపోతే ఒక దిశకే పరిమితం కావాలి.

• గమ్య పోర్టు (అనలైజర్‌ను కలిపే పోర్టు) మామూలు రాకపోకలకు పనికిరాదు. దానికి వాడుకలో ఉన్న వేరే యంత్రమేదీ కలిపి లేదని నిర్ధారించుకోవాలి.

• ఎన్‌క్రిప్షన్ లేని పాస్‌వర్డులు నకలులో యథాతథంగా కనిపిస్తాయి. రాతపూర్వక అనుమతి లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.