స్నేహితుడికి సైకిలు నేర్పడం - 3: సీటు పైకెత్తే రోజు

పోయిన పాఠంలో పెడళ్లు విప్పి, సీటు దించి, కాళ్లతో నేలను తోస్తూ బ్యాలెన్సు పట్టించమన్నాను. ఎడమ పెడల్ ఎంత తిప్పినా ఊడిరాలేదని చాలామంది మొరపెట్టుకున్నారు. ఎందుకు ఊడుతుంది? మీరు దాన్ని ఇంకా బిగించారు. తొక్కుతుంటే వదులు కాకుండా ఉండాలని ఆ ఒక్కదానికి మర తిరగేసి పెడతారు. కుడి, ఎడమ అని తల బద్దలు కొట్టుకోకండి. స్పానరును పెడల్ ఇరుసుకు పట్టించి, పిడి పైకి ఉండేలా నిలబెట్టండి. వెనక చక్రం వైపు లాగితే ఏ పెడలైనా వదులవుతుంది, ముందు చక్రం వైపు తోస్తే బిగుస్తుంది. మళ్లీ ఎక్కించేటప్పుడు మొదటి చుట్లు వేళ్లతోనే తిప్పండి. మర చెడితే క్రాంకే, అంటే పెడల్ బిగించే చేయే, మార్చుకోవాలి.

ఇక అసలు గొడవ. బ్యాలెన్సు వచ్చాక కూడా సీటును కిందే వదిలేశారు. పైగా "మావాడు మోకాళ్ల నొప్పులంటున్నాడు, ఇక రాడట" అని నాకే చెబుతున్నారు. సీటు దించింది భయం పోవడానికి. అలాగే తొక్కిస్తే మోకాలు ఎప్పుడూ సగం మడిచే ఉంటుంది, భారమంతా చిప్ప దగ్గర పడుతుంది.

సైకిలును గోడ పక్కన నిలబెట్టి అతన్ని ఎక్కించండి. రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకునే ఎక్కాలి. ఒక పెడల్‌ను అడుక్కి తెచ్చి మడమ ఆనించమనండి. కాలు నిటారుగా చాచుకోవాలి. పాదం ముందుభాగం పెడల్ మీదికి తెస్తే మోకాలు కాస్త మడత పడుతుంది. అదే ఎత్తు. తొక్కుతుంటే వెనక నుంచి చూడండి. నడుము అటూ ఇటూ ఊగుతుంటే వేలు మందం దించండి. నొప్పి మోకాలి ముందు వస్తే సీటు తక్కువైందేమో, వెనక వస్తే ఎక్కువైందేమో చూడండి. సీటు గొట్టం మీద ఉండే హద్దు గీత బయటికి కనపడేంత మాత్రం ఎత్తవద్దు. నేనైతే ఎత్తు కుదిరిన చోట నల్ల టేపు చుట్టేస్తాను, ఇంట్లో ఎవరు దించినా మళ్లీ కొలిచే పని ఉండదు.

"కాళ్లు నేలకు అందడం లేదండీ!" అందనక్కర్లేదు. బారు కింద నుంచి కాలు దూర్చి నాన్నగారి సైకిలు తొక్కిన తరం మనది. అప్పుడు ఎవరి కాళ్లు అందాయి? సీటు మీద కూర్చునే నేలను తాకాలన్న పట్టుదలే అందరినీ పడేస్తోంది. బ్రేకు పట్టాలి, కింద ఉన్న కుడి పెడల్ మీద బరువు వేసి సీటు నుంచి ముందుకు జారాలి, అప్పుడు ఎడమ కాలు నేల మీద పెట్టాలి. మనం నడిపేది రోడ్డుకు ఎడమ పక్కన కాబట్టి ఆ కాలు అంచు వైపే దిగుతుంది.

గేర్లుంటే తేలిక గేరులో పెట్టి మరిచిపోండి. గేర్లు లేని సైకిలైతే నాకు ఇంకా ఇష్టం.

శ్రీకాకుళంలో ఉన్నవారు మొదటి ప్రయాణం అరసవల్లి సూర్యదేవుడి గుడికి పెట్టుకోండి. దగ్గరే కాబట్టి కొత్తవాడి ఓపిక సరిపోతుంది. ఆదివారం మాత్రం వద్దు. సూర్యుడి వారం కదా, దర్శనానికి వచ్చే జనంతో, ఆటోలతో రోడ్డు కిక్కిరిసి ఉంటుంది, అడుగడుక్కీ ఆగాలి. కళింగపట్నంలో సముద్రం చూపిస్తానని తీసుకెళ్లి, తిరుగు దారిలో సైకిలును ఆటోకి కట్టి తెచ్చినవారి సంగతి విన్నాను. శ్రీకూర్మం కూడా దూరమే, ఇప్పుడే తలపెట్టకండి. దారిలో మీరు వెనకే ఉండండి, ముందుంటే మీ వేగాన్ని అందుకోవాలని రొప్పుతాడు.

సాధన: ఖాళీ మైదానంలో సుద్దతో గీత గీయండి. ముందు చక్రం సరిగ్గా గీత మీద ఆగాలి, సీటు వదిలి ఎడమ కాలితో దిగాలి. వరసగా 20 సార్లు. ఒక్కటి తప్పినా మళ్లీ ఒకటి నుంచి. అది వచ్చాక తిన్నగా తొక్కిస్తూ మీరు వెనక నిలబడి వేళ్లు చూపించండి. అతను కుడి భుజం మీదుగా తిరిగి చూసి ఎన్ని వేళ్లో చెప్పాలి, సైకిలు పక్కకు లాగకూడదు. వచ్చే పాఠంలో కుడి మలుపు ఉంది, ఇది రానివారిని రోడ్డెక్కించకండి.